ఫీజు వద్దన్న లాయరు

“పారిపోయాడు” అన్నాడు ఇన్‌స్పెక్టరు, వెతుకుతున్న తాళంచెవి తన జేబులోనే దొరికినంత తృప్తిగా.

పరిశోధకుడు గదిని ఒకసారి కలయజూశాడు. ఒక బల్ల, రెండు బీరువాలు, వచ్చినవాళ్ళు కూర్చోవడానికి రెండు కుర్చీలు. కొక్కేనికి నల్లకోటు వేలాడుతున్నది. కిటికీ గట్టు మీది కుండీలో మట్టి ఇంకా తడిగా ఉన్నది. ఈ గదిలో పని చేసుకునే చిన్న లాయరు నిన్న మధ్యాహ్నం బయటికి వెళ్ళి మళ్ళీ ఇల్లు చేరలేదు. ఉదయం నుంచి ఫోను మోగుతున్నదే గాని ఎత్తే దిక్కు లేదు.

“పారిపోయేవాడు మొక్కకు నీళ్ళు పోసి వెళతాడా?”

“మంచివాడనిపించుకోవాలని ఉన్నవాడు పోస్తాడు గురువుగారూ.”

ఒకప్పుడు ఈ ఇన్‌స్పెక్టరు పరిశోధకుని చేతికింద పని నేర్చుకున్నవాడే. ‘గురువుగారూ’ అన్న పిలుపులో ఆ రోజుల్లో కొంచెం భయం ఉండేది. పరిశోధకుడు పదవీ విరమణ చేసి, సొంతంగా కేసులు పట్టడం మొదలుపెట్టిన తరువాత ఆ భయం స్థానంలో వెటకారం వచ్చి కూర్చున్నది.

“ఖాతాలో డబ్బు కదలలేదని బ్యాంకువాళ్ళు చెప్పారు కదా?”

“కదిపే ధైర్యం చాలక ఉంటుంది. తక్కువ ఫీజు లాయర్ల దగ్గర గుండె కూడా తక్కువే ఉంటుంది.”

రెండు కుర్చీలలో ఒకదానిలో కూర్చున్న నర్సమ్మ తల వంచుకున్నది. ఆస్పత్రిలో హెడ్ నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. జీవితమంతా హాస్టలు గదుల్లోను, క్వార్టర్లలోను, అద్దె గదుల్లోను గడిపి, ఈ వయసులో మొదటిసారి తనదంటూ ఒక ఇల్లు కొనుక్కుంటున్నది. ఇన్నేళ్ళ జీతంలో మిగిల్చినదంతా చిన్న లాయరు తెరిపించిన ఖాతాలో పెట్టింది. ఇద్దరిలో ఎవరి సంతకంతోనైనా ఆ డబ్బు కదులుతుంది. ఈ రోజు మూడు గంటలకు రిజిస్ట్రేషను. లాయరేమో లేడు. అమ్మేవారి తరపున ఉన్న పెద్ద లాయరు పొద్దున్నే ఫోను చేసి, ఆ డబ్బు తన పేరుకు మార్చుతూ ఒక్క సంతకం పెడితే పని తానే పూర్తి చేయిస్తానన్నాడు. మూడు దాటితే ఇల్లు వేరొకరికి వెళ్ళిపోతుందట.

పరిశోధకుడు రెండో కుర్చీలో కూర్చున్నాడు.

“అమ్మా, మీరు ఈ లాయరునే ఎందుకు ఎంచుకున్నారో చెప్పండి.”

“అదిప్పుడెందుకు సార్?”

“మనిషి ఎటు వెళ్ళాడో తెలియనప్పుడు ఎలాంటి మనిషో తెలుసుకోవాలి.”

నర్సమ్మ చేతిసంచి ఒళ్ళోకి లాక్కున్నది. “మొదట అద్దాల తలుపులున్న పెద్ద ఆఫీసుకి వెళ్ళాను. కూర్చోగానే అక్కడి లాయరమ్మాయి గడియారం నావైపు తిప్పి పెట్టింది. గంటకి ఇంతట. ఫోను చేస్తే ఇంత, ఉత్తరం రాస్తే ఇంత. నాకు దగ్గొస్తే ఆపుకున్నాను సార్, దానికి కూడా బిల్లు వేస్తారేమోనని.”

ఇన్‌స్పెక్టరు ఫక్కున నవ్వాడు. ఆమె నవ్వలేదు.

“తరువాత?”

“తరువాత ఈ పెద్ద లాయరుగారే పిలిపించారు. ‘మీకు వేరే లాయరెందుకమ్మా, అటూ ఇటూ నేనే చూసిపెడతాను, మీరు ఫీజు ఇవ్వక్కర్లేదు’ అన్నారు. ఎంతో మర్యాదగా మాట్లాడారు. ఒప్పుకుందామనే అనుకున్నాను. కానీ మేం ఆస్పత్రిలో ఇద్దరు రోగులకి ఒకే సూది వాడం సార్. అదెందుకో మనసులో మెదిలింది. వచ్చేశాను.”

“చిన్న లాయరు?”

“మొత్తం పనికి ఒకటే ఫీజన్నారు. మధ్యలో పెరగదన్నారు. అనుమానం వస్తే ఎన్నిసార్లయినా ఫోను చెయ్యండి, దానికి వేరే బిల్లు ఉండదన్నారు.” ఆమె గొంతు తగ్గింది. “చాలాసార్లు చేశాను. అన్నీ ఇంటి గురించి కాదు.”

ఆ మాటకు పరిశోధకుడు కుండీవైపు చూశాడు. తాను కూడా పోయిన వారం కరెంటు ఆఫీసుకు ఫోను చేసి, బిల్లు విషయం తేలిపోయిన తరువాత కూడా అవతలి మనిషి చేత ఇంకొంతసేపు మాట్లాడించిన సంగతి గుర్తుకు వచ్చింది.

“ఆ ఫీజుకు ఏమేం చేస్తానన్నాడు?”

“పత్రాలు చూడ్డం, పాత తాకట్లు ఏమన్నా ఉన్నాయేమో వెతకడం, బ్యాంకు పని, రిజిస్ట్రేషను. ఇంకోటి కూడా. రిజిస్ట్రేషనుకి ముందురోజు తనే ఆ ఇంటికి వెళ్ళి, ఇంటాయన చేత ఇల్లంతా చూపించుకుంటానన్నారు. ఏ కిటికీ వానకి బిగుసుకుంటుంది, నీళ్ళు ఎక్కడ కట్టెయ్యాలి, ఏ మెట్టు దగ్గర కాలు జాగ్రత్తగా వెయ్యాలి, ఇలాంటివి అడుగుతారట. ‘ఆయన కాగితాలు ఆయన లాయరు చూపిస్తాడు. ఆయనకి ఇల్లు తెలుసో లేదో ఎవడు చూస్తాడమ్మా’ అన్నారు.”

“ఆ ఫీజుకి ఇల్లు తిరిగి చూసే లాయరా!” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “ఇల్లు ఊడ్చి వస్తానని కూడా అన్నాడా?”

పరిశోధకుడు మాత్రం కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఈ వృత్తిలో ఒక ఆనవాయితీ ఉన్నది. కొనేవారి లాయరు అమ్మేవారి ముఖం చూడడు. అమ్మేవారి లాయరు ‘యజమాని ఈయనే’ అంటే ఆ మాట మీద కాగితాలు నడుస్తాయి. పెద్ద మనుషుల మధ్య అది మర్యాద. ఆ మర్యాదను పాటించని లాయరు ఒకడు నిన్న ఆ ఇంటికి బయలుదేరాడు. తిరిగి రాలేదు.

“నేను ఫోను చేసేదాకా దేనిమీదా సంతకం పెట్టకండి.”

“అద్దె గది ఖాళీ చేసేశాను సార్. సామానంతా మెట్ల కింద ఉంది. ఈ ఇల్లు పోతే ఇవాళ రాత్రి నేనెక్కడ…”

“మూడింటిలోపు చెబుతాను.”

“పదండి గురువుగారూ, మీ ముచ్చటెందుకు కాదనాలి” అంటూ ఇన్‌స్పెక్టరు జీపు తాళం తీశాడు.

*

తలుపు తీసిన ఇంటాయన పొడగరి. నెరిసిన జుట్టు చక్కగా దువ్వుకున్నాడు. గొంతులో విచారం, చొక్కాకు ఇస్త్రీ, రెండూ సమంగా ఉన్నాయి. ఇల్లు భార్య పేరున ఉండేదని, ఆమె రెండేళ్ళ కిందట పోయాక తనకు వచ్చిందని, ఈ గోడల మధ్య ఒక్కడూ ఉండలేక అమ్ముకుంటున్నానని చెప్పాడు.

“నిన్న లాయరు వచ్చాడా?”

“ఎవరూ రాలేదండీ. నా దగ్గరికి ఎవరొస్తారు?”

“నీళ్ళు కట్టేసే వాల్వు ఎక్కడ?”

“వంటింటి గట్టు కింద, ఎడమపక్క.”

“వానకు బిగుసుకునే కిటికీ?”

“పడకగదిలోది. కింద తట్టి తియ్యాలి.”

ఇన్‌స్పెక్టరు విజయగర్వంతో చేతులు కట్టుకున్నాడు. పరిశోధకుడు మాత్రం, సరిగ్గా చిన్న లాయరు అడిగే ప్రశ్నలే అడిగితే ఆలోచించే పని లేకుండా సమాధానాలు వచ్చాయి అనుకున్నాడు. నిన్న ఎవరో ఒకరు అడిగి ఉంటే తప్ప, ఇవాళ అంత సిద్ధంగా ఉండడం కష్టం.

ఇల్లు చిన్నది. ముందు గది, వంటిల్లు, పడకగది, స్నానాలగది. వెనుక సామాను గది ఒకటి. దాని తలుపుకు అడ్డంగా బీరువా నిలబెట్టి ఉన్నది. సామాను తీసుకువెళ్ళేవాళ్ళు వస్తే తప్ప అది కదలదని ఇంటాయన అన్నాడు.

స్నానాలగదిలో అద్దం ముందు నిలబడమని పరిశోధకుడు ఇంటాయనను కోరాడు. అద్దంలో గడ్డం దగ్గరనుంచి కిందికి మాత్రమే కనిపించింది.

“రోజూ వంగి గడ్డం గీసుకుంటారా?”

“మా ఆవిడ పొట్టిదండీ. ఆవిడ ఎత్తుకి కొట్టించాం. తర్వాత మార్చడానికి చేతులు రాలేదు.” ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

“చూశారా!” అన్నాడు ఇన్‌స్పెక్టరు మెల్లగా. “పాపం, ముసలాయన్ని ఏడిపించారు.”

పరిశోధకుడు పడకగదిలోకి నడిచాడు. మంచం మీది దుప్పటి తీసి, పరుపును అరచేతితో నిమిరాడు. భార్య పోయిన తరువాత తన ఇంట్లో తాను ఏనాడూ మంచం మధ్యకు జరగలేదు. జరగాలన్న ఆలోచన కూడా రాలేదు. ఎడమవైపు తన పల్లం, కుడివైపు ఆమె పల్లం, మధ్యలో మిట్ట. పరుపు మార్చమని చుట్టాలు చెప్పినా వినలేదు.

“మీరు ఏ పక్కన పడుకుంటారు?”

“నేనా… ఈ పక్కన.” ఇంటాయన కుడివైపు చూపించాడు.

“ఆవిడ?”

“ఆ పక్కన.”

“పల్లం మధ్యలో ఒక్కటే ఉంది. అటూ ఇటూ కొత్తగా కొన్నట్టు గట్టిగా ఉంది. ఇది ఇద్దరు పడుకున్న మంచం కాదు. ఏళ్ళ తరబడి ఒక్క మనిషే పడుకున్న మంచం. ఆ మనిషికి పక్కన చోటు విడిచిపెట్టే అలవాటు లేదు, విడిచిపెట్టడానికి పక్కన ఎవరూ ఎన్నడూ లేరు కనుక.”

ఇంటాయన తడబడ్డాడు. “పరుపు… ఈ మధ్యనే పాతది ఒకటి తెచ్చి వేశాం.”

“స్నానాలగదిలో పట్టుకోవడానికి కమ్మీ ఒకటి బిగించారు. నా తొడ దాకా కూడా రాదు. మేకులు తళతళలాడుతున్నాయి, గోడ తొలిచిన పొడి ఇంకా కింద ఉంది. రెండేళ్ళ కిందట పోయినావిడ జారి పడకుండా ఇప్పుడు బిగించారా?”

“చాలు!” ఇన్‌స్పెక్టరు గొంతు పెంచాడు. “మంచాలు చూసి మనుషుల్ని అరెస్టు చెయ్యమంటారా? ఇల్లు అమ్మేవాడు మరమ్మత్తులు చేయించుకోకూడదా? గురువుగారూ, ఒక మాట చెప్తాను, ఏమనుకోకండి. ఇంట్లో ఎదురుచూసేవాళ్ళు లేకపోతే ప్రతి గోడా కేసులాగే కనిపిస్తుంది.”

ఆ మాట సూటిగా తగిలింది. పరిశోధకుడు దుప్పటిని తిరిగి పరిచి, అంచులు సరిచేసి, తాపీగా అన్నాడు. “నిజమే. నీకు కనబడనిది నాకు కనబడడానికి కారణం అదే. ఇంకొక్క పని చేసి వెళ్ళిపోదాం. ఇంటి కుళాయిలన్నీ కట్టేసి ముగ్గురం గేటు దగ్గరికి పోదాం.”

“ఎందుకు?”

“నీళ్ళ మీటరు చూడడానికి. కొనేవాళ్ళకు చెప్పాలి కదా.”

ఇన్‌స్పెక్టరు స్వయంగా కుళాయిలన్నీ బిగించి వచ్చాడు, చివరికి ఏమీ తేలకపోతే ఆ సంతోషం తనకే దక్కాలని. గేటు పక్కన గుంటలో, రేకుమూత కింద మీటరు ఉన్నది. పరిశోధకుడు మోకాళ్ళ మీద కూర్చుని మూత తీశాడు. అద్దం కింద చిన్న ఎర్రచక్రం కదలకుండా ఉన్నది.

“మేడ మీద ట్యాంకు ఉందా?”

“లేదండీ. గొట్టంలో నీళ్ళే నేరుగా వస్తాయి” అన్నాడు ఇంటాయన.

“అయిందా?” ఇన్‌స్పెక్టరు చేతిగడియారం చూసుకున్నాడు. రెండు దాటింది.

అప్పుడు ఎర్రచక్రం తిరిగింది.

కొంచెం తిరిగి ఆగింది. మళ్ళీ తిరిగింది. మళ్ళీ ఆగింది.

“ఎక్కడో కారుతోంది” అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆ గొంతులో ఇందాకటి ధీమా లేదు.

“కారే గొట్టం ఆగి ఆగి కారదు. ఎవరో విప్పుతున్నారు, కట్టేస్తున్నారు. మనం ముగ్గురం ఇక్కడున్నాం. ఇంట్లో ఎవరున్నారండీ?”

ఇంటాయన గేటు వైపు ఒక్క అంగ వేశాడు. ఇన్‌స్పెక్టరుకు ఎంత పొగరున్నా, చేతులు మాత్రం పోలీసు చేతులే. ఇంటాయన కాలరు దొరకబుచ్చుకుని, మణికట్టుకు బేడీ తగిలించి, రెండో కొస గేటు కమ్మీకి బిగించాడు.

*

బీరువా జరపడానికి ఇద్దరూ భుజాలు ఆనించవలసి వచ్చింది. సామాను గది లోపల అటకలు, అట్టపెట్టెలు. మూలన చిన్న కుళాయి. నేలమీద గోడకు చేరగిలబడి చిన్న లాయరు. ముఖం పాలిపోయింది, నుదుటి మీద ఎండిన రక్తం. అతని పక్కన మామూలు మనిషిలో సగం ఎత్తు కూడా లేని ఒక ముసలమ్మ కూర్చుని, గుడ్డ తడిపి, పిండి, నుదుటికి అద్దుతున్నది.

తలుపు తెరుచుకోగానే ఆమె చెయ్యి ఆపకుండానే తల తిప్పింది.

“ఎవరు మీరు? మీరూ కొనడానికే వచ్చారా? ఇల్లు అమ్మటం లేదని గొంతు పోయేలా చెప్పాను. నా అరుపు వీధిలోకి పోదని ఆ పొడుగాడే అన్నాడు, అరవడం మానేశాను.”

“ఈ ఇల్లు మీదా అమ్మా?”

“ఇంకెవరిది? నా జీతంతో నేను కట్టుకున్నది.”

“మీరు పోయి రెండేళ్ళయిందని కాగితాల్లో ఉంది.”

“అలాగా!” ముసలమ్మ గుడ్డను మళ్ళీ కుళాయి కింద పట్టింది. “మరి నాకెవరూ చెప్పలేదే. పెళ్ళి కూడా చేశారట, ఆ పొడుగాడితో. ఈ అబ్బాయి చెప్పాడు. ఈ వయసులో రెండు శుభవార్తలూ ఒక్కరోజే విన్నాను.”

ఇన్‌స్పెక్టరు అంబులెన్సుకు ఫోను చేయడానికి బయటికి వెళ్ళాడు. వెళుతూ ఒకసారి ఆగి, పరిశోధకుని వైపు చూశాడు.

“మిమ్మల్ని ఈ గదిలో పెట్టింది ఆ పొడుగాయనేనా?”

“వాడు పనివాడు. అసలు మనిషి లాయరు, పెద్దాయన. వీలునామా రాయించుకుందామని నేనే పిలిచాను. ఫీజు వద్దన్నాడు. కూర్చుని ఎంత నెమ్మదిగా మాట్లాడాడో! స్నానాలగదిలో కమ్మీ కూడా తన మనిషి చేత బిగింపించాడు, జారి పడతారమ్మా అని.” ఆమె చెయ్యి ఆగింది. “మీకెవరూ లేరా అమ్మా అని అడిగాడు. ఆ మాట అడిగినవాళ్ళు లేక ఎన్నాళ్ళయిందో. అన్నీ చెప్పేశాను. నా గురించి అడగడానికి ఎవరూ రారని కూడా చెప్పాను.”

చిన్న లాయరు పెదవులు కదిపాడు. పరిశోధకుడు వంగి చెవి దగ్గర పెట్టాడు.

“నర్సమ్మగారు… సంతకం పెట్టారా?”

పరిశోధకుడు ఫోను తీశాడు. చాలాసేపు మోగింది. ఆగిపోతుందనగా నర్సమ్మ ఎత్తింది. వెనుక కారు ఇంజను చప్పుడు.

“సారూ! మీరు ఎంతకీ ఫోను చెయ్యలేదని… పెద్ద లాయరుగారు తొందరగానే వచ్చేశారు. కారు కూడా ఆయనే తెచ్చారు. ఫీజు వద్దన్నారు. చాలా మంచాయన.”

“సంతకం పెట్టారా?”

“బ్యాంకులో పెట్టేశానండీ. ఇక రిజిస్ట్రేషనే. ఇక్కడ ఆఫీసులో రద్దీగా ఉందట, ఇంకో ఆఫీసుకి తీసుకెళ్తున్నారు. కొంచెం దూరమే. ఇళ్ళు కూడా కనబడటం లేదు.”

డబ్బు పెద్ద లాయరు చేతికి వచ్చింది. మిగిలింది ఫిర్యాదు చేయగల మనిషి ఒక్కరు.

“అమ్మా, ఆయన మిమ్మల్ని ఏమైనా అడిగారా? మీ గురించి?”

“ఆఁ, ఇందాకే. మీకు నా అన్నవాళ్ళు ఎవరున్నారమ్మా అన్నారు.” కొద్దిగా సిగ్గుపడుతున్నట్టు నవ్వింది. “ఉన్న మాటే చెప్పాను సార్. ఎవరూ లేరని.”

ఇన్‌స్పెక్టరు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. పరిశోధకుడు అతనికి చేత్తో సైగ చేశాడు: కారు, లాయరు, వెంటనే. అతను వైర్‌లెస్ కోసం జీపు వైపు పరుగెత్తాడు. ఎటు వెళ్ళే దారి అని అడిగితే అవతల వినబడుతుంది. అడగకపోతే కారు దొరకదు. దొరికేదాకా ఆ కారులో ఆమె ప్రాణంతో ఉండాలి.

పరిశోధకుడు గొంతు సవరించుకున్నాడు. భార్య పోయిన ఇన్నేళ్ళలో వాడవలసిన అవసరం రాని గొంతు అది, అధికారమూ చనువూ కలిసినది.

“ఫోను స్పీకరులో పెట్టు, చెల్లెమ్మా. ఆయనతో నేను మాట్లాడాలి.”

నర్సుగా ఎన్ని అత్యవసర పరిస్థితులు చూసిందో, ఆమె మారుప్రశ్న వేయలేదు. బొత్తం నొక్కిన చప్పుడు వినిపించింది.

“లాయరుగారూ, నేను ఆవిడ అన్నను. మా చెల్లెలు అలిగితే ఎవరూ లేరనే చెబుతుంది, చిన్నప్పటి అలవాటు. ఇవాళ ఇంటికి వస్తానని చెప్పాను, వచ్చేశాను. మీరు అమ్ముతున్న ఇంట్లోనే ఉన్నాను. ఇన్‌స్పెక్టరుగారు కూడా ఉన్నారు. సామాను గది తలుపు తెరిచే ఉంది. మా చెల్లెల్ని ఎక్కడ దింపుతున్నారో చెప్పండి, వచ్చి తీసుకుపోతాను.”

ఇంజను చప్పుడు సన్నబడుతూ వచ్చింది. చక్రాల కింద కంకర నలిగింది. కారు ఆగింది.

“అన్నయ్యా” అన్నది నర్సమ్మ గొంతు, చాలా నెమ్మదిగా, ఆ మాటను జీవితంలో మొదటిసారి పలుకుతున్నట్టు. “ఆయన దిగి నా వైపు తలుపు దగ్గరికి వస్తున్నారు.”

తలుపు తెరుచుకున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది.